వన్నెయు వెలుగును: రాతియందలి బంగారమును గుర్తించుట



బంగారపు మేలిమిని చెప్పుటకు మన భాషలో 'వన్నె' యను మాట కలదు. పదియారు వన్నెల బంగారమని పెద్దలు చెప్పిన, అందు కల్తీ యేమియు లేదని యర్థము. వన్నె యనగా వర్ణము, రంగు. సువర్ణమను పేరు సైతము మంచి రంగు గలదనియే చెప్పుచున్నది. ఇనుమునకు వన్నెలు లేవు, సీసమునకు లేవు. ఈ యొక్క లోహపు శుద్ధినే మన పూర్వులు రంగుచేత కొలిచిరి. రంగనగా వస్తువుపై బడి మరలి మన కంటికి చేరు వెలుగే గదా! కావున ప్రతిఫలించిన వెలుగుచేత బంగారమును గుర్తించు విద్య మనకు క్రొత్తది కాదు. నేడు ఆ విద్య సూక్ష్మదర్శిని దాక, ఆకాశమున తిరుగు ఉపగ్రహముల దాక పెరిగినది. ఐతే దానికొక హద్దున్నది. వెలుగు చెప్పగలిగినదేమి, చెప్పలేనిదేమి యని తెలియనందున బావి త్రవ్వినచోట మెరుపు చూచి పొలము కుదువ పెట్టిన రైతులున్నారు. కావున ఈ పూట ఆ హద్దును గూర్చి మనవి చేసెదను.

ముందుగా కంసాలి కుంపటి యొద్దకు పోదము. ఆతని గీటురాయి నల్లనిది, నునుపైనది, కాని మెరుగు లేనిది. నగ అంచును దానిపై ఒరసిన సన్నని పసుపు గీత పడును. దాని ప్రక్కనే వన్నె తెలిసిన వేరొక తునకతో మరియొక గీత గీచి, రెంటిని పగటి వెలుగున, ఎండ నేరుగా సోకని చోట పోల్చి చూచును. రాగి కలిసినచో గీత యెరుపునకు వ్రాలును. వెండి కలిసినచో తెలుపునకు వ్రాలును. దీపము వెలుగున వన్నె చూడరాదు. దీపపు వెలుగే పసుపు గనుక దానియందు తెల్లనిదియు పసుపుగనే తోచును. గీతపై నత్రికామ్లపు చుక్క వేసిన రాగి కరగిపోవును, బంగారము నిలుచును.

1909లో మైసూరునందు అచ్చైన కౌటిల్యుని అర్థశాస్త్రమున ఈ పరీక్ష సవిస్తరముగ నున్నది. కళింగదేశపు రాయియు, తాపీనది రాయియు, పెసరవన్నె గలవి గీటురాళ్ళలో శ్రేష్ఠములట. అంతకంటె నాకు నచ్చిన మాట యొకటి అందున్నది. కొన్ని రాళ్ళు అమ్మువానికి మేలు చేయునవి, కొన్ని కొనువానికి మేలు చేయునవి యని ఆయన విభజించెను. అనగా పరీక్షించు రాయికే పక్షపాత ముండవచ్చును! గోటి సందున జేగురుపొడి దాచి గీతపై రాల్చు మోసమును గూడ ఆయన పేర్కొనెను. వెలుగును నమ్మవచ్చును గాని, దానిని చూపువాని చేతిని గూడ కనిపెట్టి యుండవలెనని ఆ కాలముననే తెలిసియుండెను.

బంగారము పసుపుగ నేల నుండవలెను? సూర్యుని వెలుగు తెల్లగ కనబడినను ఇంద్రధనుస్సు నందువలె పలు రంగుల కలయిక. వెండిపై బడిన వెలుగులో అన్ని రంగులును రమారమి సమముగ మరలి వచ్చును. అందుచే వెండి తెల్లన. బంగారము ఎరుపును పసుపును నూటికి 90 దరిదాపున మరలించును. నీలమును మాత్రము నూటికి 40 పాళ్ళు కూడ మరలింపక తానే మ్రింగివేయును. నీలము తగ్గిన వెలుగు పసుపుగ కనబడుట సహజము. ఈ మ్రింగుటకు కారణము బంగారపు పరమాణువు బరువైనదగుట. దాని కేంద్రమున 79 ప్రోటానులు గలవు. ఆ యాకర్షణకు లోబడి తిరుగు లోపలి ఎలక్ట్రానుల వేగము వెలుగు వేగముతో పోల్చదగినంత యగును. అంత వేగమున ఐన్‌స్టీను చెప్పిన సాపేక్షతా నియమములు పనిచేసి, ఎలక్ట్రానుల మెట్లు దగ్గరపడి, నీలపు వెలుగు శక్తి వానిని ఒక మెట్టు పైకెక్కించుటకు చాలును. వెండిలో ఆ మెట్టు ఎత్తైనది. కంటికి కనబడని అతినీలలోహిత కిరణమునకు గాని అందదు. మరియొక వింత కలదు. మిక్కిలి పలుచని బంగారు రేకును వెలుగునకు అడ్డముగ పట్టి దానిగుండ చూచిన, లోకము ఆకుపచ్చగ కనబడును. పసుపెరుపులు వెనుకకు మరలిపోగా మిగిలినది ముందుకు వచ్చుటయే దీనికి హేతువు. మైకేల్ ఫారడే 1857లో ప్రకటించిన పరిశోధనలలో బంగారు రేకులపై ఇట్టి పరీక్షలు పెక్కు గలవు.

ఇక రాతిలోని బంగారము సంగతి. ఇచట బంగారమునకు వేషధారులు మూడు గలవు. మొదటిది కాకిబంగారము, అనగా అభ్రకము. నల్ల అభ్రకము ఎండవానలకు శిథిలమై పసుపు రేకులుగ మారి, వాగు ఇసుకలో తళతళలాడును. రెండవది ఇనుమును గంధకమును కలిసి యేర్పడిన పైరైటు. మూడవది మన వైద్యులు స్వర్ణమాక్షికమని పిలుచునది. అందు రాగి, ఇనుము, గంధకము గలవు. ఆ పేరిడినవారికి దాని పసుపును తెలియును, అది స్వర్ణము కాదనియు తెలియును.

ఈ వేషములకు మోసపోయినవారు పామరులు మాత్రమే యనుకొనరాదు. ఇంగ్లండు నావికుడు మార్టిన్ ఫ్రాబిషర్ 1576లో ఉత్తర అమెరికా మంచుదీవుల నుండి ఒక నల్లరాయి తెచ్చెను. పరీక్షించినవారిలో పలువురు అందు బంగారము లేదనిరి. ఒక్కడు మాత్రము ఉన్నదనెను. ఉన్నదన్న మాటయే వినుటకు ఇంపుగ నుండెను. ఎలిజబెత్తు రాణి మొదలు వర్తకుల వరకు సొమ్ము పెట్టిరి. 1577లో సుమారు 200 టన్నులు, 1578లో పదునైదు ఓడలు కట్టుకొనిపోయి వెయ్యి టన్నులకు మించి రాయి తెచ్చిరి. ఏండ్ల తరబడి కరగించినను ఖర్చునకు చాలు బంగారము రాలేదు. కడకు ఆ రాళ్ళు బాటలకును గోడలకును ఉపయోగపడెను.

కండ్లున్నవారందరు చేయదగిన పరీక్షలు కొన్ని గలవు. మెరయు రేణువును ఎండలో చూచి, పిదప నీడకు తెచ్చి చూడుడు. అభ్రకమునకును పైరైటునకును చదునైన ముఖములుండును. అవి చిన్న అద్దములవంటివి. ఎండ ఒక వాలున తగిలినప్పుడు మెరసి, త్రిప్పగనే ఆరిపోవును. వాగులో నలిగిన బంగారపు రేణువు గుండ్రనై యెటు త్రిప్పినను ఒకే పసుపు చూపును. నీడలోను ఆ పసుపు మారదు. నా యెరుకలో ఇంతకంటె సులభమైన వెలుగు పరీక్ష లేదు. ఇంకను సందేహమున్న సూదితో పొడిచి చూడుడు. అభ్రకము రేకులుగ విడిపోవును. పైరైటు సూదికి లొంగదు, సుత్తిదెబ్బకు పొడియగును. బంగారము గుంట పడును, దెబ్బకు సాగును గాని చిట్లదు. మెరుగు లేని పింగాణి ముక్కపై ఒరసిన పైరైటు ఆకుపచ్చ కలిసిన నల్లగీత గీయును, బంగారము పసుపుగీత గీయును. చెక్క మరిగెలో ఇసుకను నీటితో ఆడించిన అభ్రకము ముందుగ కొట్టుకొనిపోవును. బంగారము నీటికి 19 రెట్లకు మించిన బరువు గలది, పైరైటు 5 రెట్లు మాత్రమే. కావున బంగారము అడుగున నిలుచును.

మన సీమ పూర్వులకు ఈ కడుగు విద్య బాగుగ తెలియును. 1802లో జాన్ వారెన్ అను సైనికోద్యోగి మైసూరు సరిహద్దు కొలుచుచు కోలారు ప్రాంతమునకు వచ్చి, మట్టిలో బంగారమున్నదన్న వాడుక విని, చూపినవారికి బహుమాన మిత్తుననెను. ఊరివారు మట్టి తెచ్చి ఆయన యెదుటనే కడిగి రేణువులు చూపిరి. తరువాతి కాలమున అక్కడనే త్రవ్విన గనులు మూడు కిలోమీటరులకు మించిన లోతుకు పోయి, సుమారు 800 టన్నుల బంగారమిచ్చి, 2001 ఫిబ్రవరిలో మూతబడెను. ఆ గనులలో మన తెలుగువారు ఎందరో శ్రమించిరి. అనంతపురపు సీమలోని రామగిరియందును, కర్నూలు జిల్లా జొన్నగిరియందును, కుప్పము చెంతనున్న చిగర్గుంట, బిసానత్తముల యందును ప్రాచీనుల గుంటలు గలవు. వారి చేతిలో యంత్రము లేదు. పలుగురాతి చారను పట్టి త్రవ్విరి, దంచిరి, నీట కడిగిరి, కంట చూచిరి.

కొన్నేండ్ల క్రిందట నాకు ప్రత్యక్షముగ తెలిసిన సంగతి యొకటి మనవి చేసెదను. ఊరి పేరు అవసరము లేదు. నా యొద్ద చదువుకొనిన యొక రైతు బావి త్రవ్వించుచుండగా నలుబదియడుగుల లోతున పసుపు మెరపులు గల పలకరాయి పడినది. వారము తిరుగకముందే పట్టణమునుండి ఒక మనిషి పెట్టెతో దిగెను. ఆ పెట్టెకు ముందొక దీపము, పైన కదలెడు ముల్లు. రాతినుండి మరలివచ్చు వెలుగును బట్టి అరువదియడుగుల క్రింద నున్న బంగారమును గూడ ఈ యంత్రము చూపుననెను. త్రవ్వకమునకు ముందుగ రెండు లక్షలు కావలెననెను. రైతు చెల్లెలి పెండ్లికని దాచిన సొమ్ము సరిగ్గా అంతయే యున్నది. రచ్చబండ యొద్ద పెద్దలు కూడి నన్ను పిలిపించిరి. "అయ్యవారూ, ఇది బంగారమేనా? మీరు చెప్పినట్లు చేస్తా" నని రైతు నా చేతిలో రాయి పెట్టెను. చెంబెడు నీరు, సూది, విరిగిన పింగాణి ముక్క తెప్పించితిని. రేకులు సూదిమొన చేత విడిపోయి నీటిపై తేలెను. గీత తెల్లగ పడెను. అది అభ్రకము. పెట్టెమనిషి వెంటనే, పైనున్నది అభ్రకమే గాని బంగారము లోతున నున్నదనెను.

అప్పుడు నేనడిగినది ఒక్కటే ప్రశ్న. దీపపు వెలుగు రాతిలోనికి అరువదియడుగులు దిగి, బంగారమును తాకి, మరల పైకెట్లు వచ్చునయ్యా? ఇంటి గోడకావల దీపము పెట్టిన ఈవలకు వెలుగు రాదు గదా! అది యంత్ర రహస్యమని ఆతడనెను. మట్టిపైగాని రాతిపైగాని పడిన వెలుగు సామాన్యముగ ఒక మిల్లీమీటరు లోపలనే ఆగిపోవును. మరలివచ్చు వెలుగు పైచర్మపు వార్త మాత్రమే తెచ్చును. ఈ మాట అక్కడనే చెప్పితిని. సభలో సగముమందికి నామాట రుచింపలేదు. రైతు సొమ్మియ్యలేదు గాని, చేతికందిన భాగ్యమును చెడగొట్టితినని యేడాది దాక నాతో సరిగ మాటలాడలేదు. ఆ బావిలో నీరు మాత్రము పుష్కలముగ పడినది.

శాస్త్రజ్ఞులు రాతిచర్మపు వార్తతోనే తృప్తిపడక లోపల నెట్లు చూతురన్న, రాతిని కోసి లోపలిదానినే పైచర్మముగ జేయుదురు. చిన్న ముక్కను జిగురులో పొదిగి, అరగదీసి, అద్దమువలె మెరుగుపెట్టుదురు. గరుకురాతిపై వెలుగు నలుదెసల చెదరును. మెరుగుపెట్టిన ముఖముపై బడిన వెలుగు తిన్నగ మరలును. సూక్ష్మదర్శిని గొట్టము గుండనే వెలుగును క్రిందికి పంపి, మరలినదానిని అదే గొట్టమున చూతురు. అప్పుడు పలుగురాయి బూడిదవన్నెగ చీకటిపడును. పైరైటు వెలవెలబోయిన పసుపుతెలుపుగ నిలుచును. స్వర్ణమాక్షికము ఇత్తడివలె నుండును. వీని నడుమ బంగారపు రేణువు తగిలిన, కొత్తవానికి సైతము వేరే చెప్పనక్కర లేదు, అంత దీప్తి. ఒక దిశ కంపనమునే పోనిచ్చు పలకలు రెండమర్చి ముక్కను త్రిప్పిన స్వర్ణమాక్షికపు ఛాయ కొంచెము మారును, బంగారపుది మారదు. మిల్లీమీటరులో వెయ్యవ వంతు రేణువు దాక ఈ పద్ధతి పట్టుకొనగలదు. బంగారము విడిగ నున్నదా, పైరైటు పగుళ్ళలో నున్నదా యని తెలిసినచో రాతిని ఎంత మెత్తగ దంచవలెనో తేలును. గనివారికి ఇది లక్షల ఖర్చునకు సంబంధించిన మాట.

అయినను సూక్ష్మదర్శినికి గూడ అందని బంగారమున్నది. అమెరికాలోని నెవాడా రాష్ట్రమున కార్లిన్ అనుచోట 1961లో కనుగొనిన గొప్ప నిక్షేపమున బంగారము పైరైటు కణములలోనే విడదీయరాకుండ కలిసియున్నది. మరిగెలో కడిగిన రేణువు కనబడదు, మెరుపు లేదు. మామూలు మట్టివలె తోచు ఆ రాతిని వెనుక వచ్చినవారెందరో త్రొక్కుకొని పోయియుందురు.

ఇచట కొంచెము లెక్క చూడవలెను. టన్ను రాతికి 5 గ్రాముల బంగారమున్న గని మంచి గనియే. ఆ 5 గ్రాములను ముద్ద చేసిన పెద్ద శనగగింజంత యగును. టన్ను రాయి నాలుగు వందల లీటర్లకు కొంచెము తక్కువ చోటు పట్టును. ఆ రాయియంతయు సమముగ నలిగి పరచుకొనిన, పైనుండి మరలివచ్చు వెలుగును పది లక్షల పాళ్ళు చేసినయెడల బంగారపు పాలు ఒకటికి లోపు. తక్కిన రాళ్ళ సందడిలో ఆ యొక్క పాలును వేరుపరుపగల కన్ను నేటి యంత్రములలోను లేదు. కావున మట్టిపై వెలుగు వేసి దూరమునుండి బంగారమునే నేరుగ చూపెదనని యెవడైన చెప్పిన, ఆతని యంత్రపు ఖరీదు అడుగక ఈ లెక్క యడుగుడు.

మరి ఉపగ్రహములతో బంగారము వెదకుచున్నారన్న వార్తలు అబద్ధములా? కావు. వారు వెదకునది బంగారమును గాదు, బంగారపు చుట్టములను. భూగర్భమున వేడినీరు పగుళ్ళగుండ పైకి వచ్చునప్పుడు బంగారమును మోసుకొనివచ్చి పలుగురాతితోబాటు పేర్చును. ఆ వేడినీటి తాకిడికి ఇరుప్రక్కల రాయి బంకమన్నుగను, సన్నని తెల్ల అభ్రకముగను మారును. పైరైటు తుప్పుపట్టి నేల ఎర్రబారును. ఈ మారిన రాళ్ళు గనిచుట్టు కొన్ని మీటర్లు మొదలు కిలోమీటర్లవరకు వ్యాపించియుండును గనుక వెలుగునకు చిక్కును. ఎరుపునకు ఆవల కంటికి కనబడని వెలుగున్నది. అందు 2200 నానోమీటర్ల చెంత అల్యూమినియము గల బంకమన్నును అభ్రకమును వెలుగును మ్రింగును. 900 నానోమీటర్ల చెంత ఇనుపతుప్పు మ్రింగును. ఎక్కడ ఎంత మ్రింగబడినదో చూచి, ఇది ఈ రాయి యని చెప్పుదురు. 1972లో ఎగసిన ల్యాండ్‌శాట్ చిత్రములతో నెవాడాలోని గోల్డ్‌ఫీల్డు చుట్టునున్న మారిన రాళ్ళను 1974 నాటికే గుర్తించిరి. మన దేశము 2018 నవంబరులో పంపిన హైసిస్ అను ఉపగ్రహము వెలుగును అనేక సన్నని పట్టీలుగ చీల్చి చూచునట్టిది. చేతబట్టుకొని పొలమున తిరుగదగిన వర్ణపటమాపకములును వచ్చినవి. ఇవన్నియు చెప్పునది, ఈ కొండ వాలున వెదకుట తగునని మాత్రమే. బంకమన్నున్న చోటులన్నిట బంగారముండదు. పొగ కనబడిన నిప్పున్నదని ఊహింతుము గాని, ఆ నిప్పున వండినదేమో పొగ చెప్పునా!

చివరి తీర్పు నిప్పుదే. దంచిన రాతిని తూచి, సీసపు భస్మముతోను ద్రావకములతోను మూసలో కరగింతురు. సీసము బంగారము వెండులను తనలో చేర్చుకొని అడుగునకు దిగును. ఆ సీసపు గుండును ఎముక బూడిదతో చేసిన చిన్న గిన్నెలో పెట్టి కాల్చుదురు. సీసము కొంత ఆవిరియై, పెంపాలు గిన్నెలోనికి ఇంకిపోవును. ఎర్రని కొలిమిలో ఆ గుండు తరుగుచు తరుగుచు, కడపట దానిపై ఇంద్రధనుస్సు రంగులు పరుగులెత్తును. మరుక్షణము సీసపు చివరి పొర విడివడి గుండు ఒక్కమారు తళుక్కుమనును. పరీక్షకులు ఆ మెరుపునకై కన్నార్పక వేచియుందురు. మెరసినదానిని నత్రికామ్లమున వేసి వెండిని కరగించి, మిగిలిన బంగారమును సున్నితపు త్రాసున తూతురు. అప్పుడు గాని టన్నునకు ఇన్ని గ్రాములను మాట పుట్టదు.

మీ యూళ్ళలో ఎవరికైన ఇట్టి రాయి దొరికినచో, మెరయు ముక్కలను మాత్రమే ఏరి పంపింపకుడు. చారకు అడ్డముగ, మెరసినదియు మెరయనిదియు కలిపి, రెండు మూడు కిలోలు తీయుడు. దొరికిన చోటును, లోతును చీటిపై వ్రాసి లోపల వేయుడు. సగము మీ యొద్ద నుంచుకొనుడు. రాష్ట్ర గనులు భూగర్భశాఖవారి జిల్లా కార్యాలయమున విచారించి, నిప్పు పరీక్ష చేయు ప్రయోగశాలకు మిగిలిన సగము పంపి, టన్నునకు ఎన్ని గ్రాములని వ్రాతమూలకముగ అడుగుడు. 1957 నాటి చట్టము ప్రకారము అనుమతి లేక గని త్రవ్వరాదు గనుక, జవాబు వచ్చువరకు గునపము ముట్టకుండుట మంచిది. పెట్టెలతో వచ్చువారిని మాత్రము గోడకావలి దీపమును గూర్చి ముందుగ అడుగుడు. సెలవు.